గీత గీసిన గ్లాసు

మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడకి మంచినీళ్లు ఏ గ్లాసులో ఇస్తున్నారు? జవాబు నాకు చెప్పక్కర్లేదు. వంటింట్లోకెళ్లి చూసుకుని వచ్చి ఇది చదవండి. పోయిన ఆదివారం, ఆరాధన మొదలవకముందే, మా అమ్మ ఆఖరి తమ్ముడు, మా మావయ్య, ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. ఈ ప్రశ్న ఆయనది. నేను మోసుకొచ్చానంతే.

రామచంద్రపురం చుట్టుపక్కల బోర్లు వేసుకునే మావయ్యకి టాంజానియాలో ఒక గని కంపెనీకి బోరు బండి నడిపే పని దొరికింది. తొమ్మిదేళ్లు అక్కడే ఉన్నాడు. వెళ్లిన కొత్తలో మనవాళ్ల క్యాంపులో ఆయన చేసిన మొదటి పని, అక్కడి కూలీలకని ఒక స్టీలు గ్లాసు వేరుచేసి, మిగతావాటిలో కలిసిపోకుండా అడుగున మేకుతో గీత గియ్యడం. చిన్నప్పుడు నాట్లకెళ్లి రైతు వాకిట్లో దోసిలి పట్టి నీళ్లు తాగినవాడే. సముద్రం దాటగానే పోసే చెయ్యి తనదైంది.

బోరు బండికి ఇనప రాడ్లు అందించే అక్కడి కూలీ జోసెఫ్ ఆ గ్లాసులోనే తాగి, కడిగి, బోర్లించేవాడు.

వీళ్లు వేసిన బోరు నీళ్లన్నీ గని కంచె లోపలికే పోయేవి. ఊరు మాత్రం మడుగు నీళ్లు తాగేది. ఆ నీళ్లకే విరేచనాలు పట్టుకుని జోసెఫ్ చిన్న కూతురు చనిపోయింది. మావయ్య పరామర్శకి వెళ్లాడు. జోసెఫ్ తల్లి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గ్లాసు నింపి, తనొక గుక్క తాగి, కొడుక్కిచ్చి, తర్వాత ఈయన చేతికిచ్చింది.

"ఎంగిలనిపించలేదు అల్లుడూ. నన్ను వాళ్లలో కలిపేసుకున్నారనిపించింది," అనేవాడు నాతో.

మర్నాటి నుంచి గీత గ్లాసు తాను తీసుకున్నాడు. పని పోతుందని తోటివాళ్లు భయపెట్టినా, కంచె బయట ఒక కుళాయి పెట్టించేదాకా యజమానిని వదల్లేదు. కుళాయి తిప్పిన రోజు జోసెఫ్ ఆయన్ని మొదటిసారి 'రఫీకి' అన్నాడట. వాళ్ల భాషలో స్నేహితుడని. తొమ్మిదేళ్లయ్యాక ఇంటికొస్తూ ఆ గీత గ్లాసు వెంట తెచ్చుకున్నాడు.

"దేశాలు పట్టి తిరిగి సొట్ట గ్లాసు తెచ్చారండి మా వారు," అని అత్తయ్య వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్వించేది. ఆయనా నవ్వుతూ అందులోనే నీళ్లిచ్చేవాడు. చెత్త బండి ఆవిడకీ, పక్క చేను రైతుగారికీ, నాకూ.

పాస్టర్నైన నేను ఒక ఆదివారం, యూదులు దూరం పెట్టిన జాతికి చెందిన సమరయ స్త్రీని ప్రభువు బావి దగ్గర నీళ్లడగడం గురించి మైకు అదిరేలా బోధించాను. దాహమేసిన ప్రభువు ఆ కడవ ఎవరిదని చూడలేదన్నాను. మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికొచ్చిన మావయ్య, వాకిలూడ్చే ఆవిడకని మేము వరండా గోడ మీద పెట్టిన గ్లాసు చూశాడు. తీసి, అడుగు తిప్పి చూశాడు.

"బాగా చెప్పావు. ఆ సమరయ ఆవిడే మీ ఇంటికొస్తే ఇందులో ఇస్తావేంటి అల్లుడూ?"

ఆయనే దాన్ని లోపలికి తీసుకెళ్లి మా గ్లాసుల్లో కలిపేసి, పులుసులో ఏం వేశావమ్మా అని నా భార్యనడిగాడు. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

సమాధి చేసి వచ్చాక జోసెఫ్ వీడియో కాల్ చేశాడు. అత్తయ్య గీత గ్లాసు ఎత్తి చూపించింది. అటు అతనూ ఒక గ్లాసు ఎత్తాడు. ఇద్దరూ ఏడుస్తూనే తాగారు. తర్వాత ఆ గ్లాసు, సమాధికి వచ్చిన మా వాకిలూడ్చే ఆవిడ చేతికీ, ఆవిడ నుంచి నా చేతికీ వచ్చింది. నీళ్లు చల్లగా ఉన్నాయి.

ఇంకా కూర్చున్నారేం? మారుమనస్సుకి పండగ రావక్కర్లేదు. రేపు పొద్దున్న ఆవిడ పనిలోకి వచ్చేలోగా, ఈ రోజే, లేచి వెళ్లి ఆ గ్లాసు మీ గ్లాసుల్లో కలిపేయండి.