తువాలు కింద బేరం

బెల్లం వ్యాపారి గంగాధరానికి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఒక పాత ఇంగ్లీషు పాటల ప్రేమకథా సినిమా అంటే ప్రాణం. పెళ్లైన కొత్తలో అద్దె వీడియోలో చూశాడు. గదినిండా చుట్టాలు. పక్కనున్న కొత్త పెళ్లాం సుందరమ్మతో మాట్లాడాలంటే సిగ్గు. మార్కెట్లో తువాలు కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకున్నట్టే ఆమె వేలు నొక్కాడు. ఆమె కూడా బెల్లం కొట్టు పిల్లే. ఆ ధరకు కుదరదన్నట్టు అతని వేలిని మడిచేసింది. ఇద్దరికీ నవ్వాగలేదు.

ఈ వేసవిలో సుందరమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మనుషుల్ని గుర్తుపడుతోందో లేదో డాక్టరూ చెప్పలేకపోయాడు. గంగాధరం మనవరాలు శ్రావ్యచేత ఆ సినిమా డీవీడీ తెప్పించాడు.

"పెట్టీనా తాతా?"

"ఉండే, ఏటా తొందర?" అన్నాడు. చెమటలు పడుతున్నాయి. దీనికీ ఆమె పలక్కపోతే ఇక మిగిలిందేమీ లేదు.

"మామ్మని కాదు, నిన్ను సూత్తే భయమేత్తంది," అని ఆ పిల్ల పెట్టేసింది.

తెరమీద జంట పాడుతూ గిరగిరా తిరుగుతోంది. సుందరమ్మ చూపు గోడకేసే ఉంది. గంగాధరం తువాలు కప్పి, బాగున్న చెయ్యి అందుకుని వేలు నొక్కాడు. కదలిక లేదు. మళ్లీ నొక్కాడు. పాట అయిపోవస్తోంది. ఇంత కాపురమూ తనొక్కడికే గుర్తుండిపోతుందేమో అనుకున్నాడు.

అప్పుడు ఆమె వేళ్లు మెల్లగా కదిలి అతని వేలిని మడిచేశాయి.

"ఏటి తాతా, ఏడుత్తన్నావు?"

"మీ మామ్మ బేరం కుదరదంటందే," అన్నాడు గంగాధరం.