కరెంటు ఆటోకు కుంకుమబొట్టు

మా ఇంట్లో గొడవలు పడే పని నాది. నల్లా నీళ్ళు రాకపోయినా, రేషన్ దుకాణంవాడు తూకంలో మోసం చేసినా, ఇంటి ఓనరు వంక పెట్టినా మా ఆయన నన్ను ముందుకు తోసి తాను వెనక నిలబడేవాడు. ఆయన ఆటో నడుపుతాడు. ఇన్నేళ్ళలో రోడ్డు మీద అడ్డం వచ్చినవాణ్ణి కూడా ఒక్క మాట అన్న మనిషి కాదు. "నీకు నోరున్నది గద, నాకెందుకు మల్ల?" అనేవాడు. ఆ నోరు నిజంగా అవసరపడిన రోజు ఒక్కటే వచ్చింది. ఆ రోజు నేను కిక్కురుమనలేదు.

రెజిమెంటల్ బజార్‌లో ఇరుకు సందులో పై వాటా మాది. కిటికీ పక్కన మిషను వేసుకుని జాకెట్లు కుడతాను. కింద ఆటో ఆగే చోటు నాకు కనబడుతూ ఉంటుంది. పాత డీజిల్ ఆటో ఉన్నప్పుడు పొద్దున అది స్టార్టయితే వంటింట్లో గిన్నెలు కదిలేవి. కిటికీ తెర ఎన్నిసార్లు ఉతికినా మసి పోయేది కాదు. తిట్టుకుంటూనే ఉండేదాన్ని. కానీ ఆ బండే మా ఇద్దరు పిల్లల్ని చదివించింది.

ప్రతి దసరాకు ఆ బండిని ఆయన శుభ్రంగా కడిగేవాడు. తర్వాత పని నాది. వెనక మూత ఎత్తి ఇంజనుకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు ఇంజను మీద పోసేదాన్ని. బండిలో పనిచేసేది అదే కాబట్టి మొదటి గుక్క దానికే ఇవ్వాలని మా అత్తమ్మ చెప్పింది. ఆమె పోయాక ఆ పెత్తనం నాకొచ్చింది. ఆయన చేతులు కట్టుకుని చూసేవాడు.

తర్వాత డీజిల్ ఆటోలు సిటీలో తిరగకూడదన్నారు. పాత బండిని తుక్కుకింద అప్పజెప్పి, ఆ కాగితం తెచ్చి చూపిస్తేనే కరెంటు ఆటోకు పర్మిట్ ఇస్తామన్నారు. అంటే ముందు ఉన్నది పోవాలి, ఆ తర్వాతే కొత్తది. కొత్తదానితో కుదరకపోతే తిరిగి ఎక్కడానికి పాతది ఉండదు. అడ్డా మీద ఆటోవాళ్ళంతా అటూ ఇటూ ఊగుతుంటే మా ఆయనే ముందు పడ్డాడు. "ఎప్పటికైనా ఇయ్యాల్సిందే గదనే. పిల్లలు పొగ పీలుస్తుర్రు పాపం" అన్నాడు. పిల్లలంటే కార్ఖానా బస్తీ నుంచి ఆయన రోజూ బడికి తీసుకెళ్ళేవాళ్ళు. మా ఇంటి ఖర్చుకు నమ్మకమైన ఆధారం వాళ్ళే. బండి అప్పజెప్పిన రోజు దేవుడి ఫోటో, రబ్బరు హారను ఒక సంచిలో పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చాడు. అన్నం తిని పడుకున్నాడు.

కొత్త బండికి చప్పుడే లేదు. వచ్చిందో పోయిందో తెలిసేది కాదు. చార్జింగు కోసం మా కిటికీలోంచి వైరు వేలాడేస్తే ఓనరు ఒప్పుకోనన్నాడు. అబ్బో, ఆ రోజు సందంతా బయటికొచ్చి చూసింది! వేరే మీటరు పెట్టిస్తామని, వైరుకు పైపు వేయిస్తామని, ఇంకా ఏమేమో అని, గంటసేపు ఓనర్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. చివరికి "నీకో దండం తల్లీ, పెట్టుకో" అని లోపలికి పోయాడు. మా ఆయన మెట్ల మీద కూర్చుని నవ్వుకుంటున్నాడు. కరెంటు నా నోటితో వచ్చిందని నాలుగు రోజులు గొప్పగా తిరిగాను.

ఆ ఏడు దసరా వచ్చింది. "పైపు పెట్టి కడగొద్దు, నీళ్ళు తగలనియ్యొద్దని చెప్పిండ్రు" అని తడిగుడ్డతో తుడిచి, ఆయన బంతిపూలకూ గుమ్మడికాయకూ రాంగోపాల్‌పేట్ వైపు వెళ్ళాడు. నేను పళ్ళెం తెచ్చుకుని వెనక మూత కోసం వెతికాను. ఇంజను లేదు. బొట్టు ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఎదురింటి పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. "ఏందే, గట్ల తిరుగుతున్నవ్?" అంది. "దీనికి ఇంజను లేదు పెద్దమ్మా" అన్నాను. "మరి తిండి యాడ తింటది? గాడ పెట్టు" అంది. నిజమే కదా అనిపించింది.

చార్జింగు మూత తీశాను. లోపల చిన్న చిన్న కన్నాలున్నాయి. చుట్టూ పసుపు రాసి, మధ్యలో కుంకుమబొట్టు పెట్టాను. కొబ్బరికాయ కొట్టి నీళ్ళు అందులోనే పోశాను. ఆయన చెప్పిన మాట నేను పెడచెవిన పెట్టలేదు. బండి మీద చుక్క నీరు పడకుండా ఆ పొద్దంతా కాపలా కాసినదాన్ని నేనే. కొబ్బరినీళ్ళు కూడా నీళ్ళేనని నాకు తట్టనే లేదు. అది పూజ. మూత నేనే గట్టిగా నొక్కి పెట్టాను.

సాయంత్రం ఆయన వైరు పెట్టగానే టప్‌మంది. కాలిన వాసన వచ్చింది. హ్యాండిలు దగ్గరి చిన్న తెర మీద అంకెలన్నీ పోయాయి. ఆయన వైరు తీసి, వంగి, వేలితో ఆ కన్నాల్ని తడిమాడు. వేలికి ఎర్రగా అంటింది. దాన్ని చూసి, నా వంక చూసి, లుంగీకి తుడుచుకున్నాడు.

"ఏమైందయ్యా?"

"ఏం లేదు. పరేషాన్ గాకు. రేపు సూపిద్దాం."

మర్నాడు బండిని ఇంకో వాహనం మీద ఎక్కించి సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళాం. గొడవ పడాల్సి వస్తే ఉంటానని నేనూ వెళ్ళాను. అక్కడి మేనేజరు పుల్లకు దూది చుట్టి లోపల తిప్పి తీశాడు. ఎర్రటి దూదిని మా ఇద్దరి ముందూ పట్టుకున్నాడు. "ఎవలు పెట్టిర్రు ఇది?"

నేను, అని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"నేనే పెట్టిన సార్" అన్నాడు మా ఆయన.

"కొబ్బరినీళ్ళు సుత పోసినవా?"

"పోసిన సార్."

"ఇన్నేండ్ల సంది బండి నడుపుతున్నవ్, గీ మాత్రం తెల్వదా? ట్రైనింగ్‌ల నిద్రపోయినవా? సదువుకున్నోడు చేసే పనేనా ఇది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకరు ఫోనులో ఆ దూదిని ఫోటో తీసుకున్నారు. ఆయన తల ఊపుతూ నిలబడ్డాడు. వారంటీ వర్తించదన్నారు, సామాను బయటి నుంచి రావాలన్నారు, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. ఆయన అన్నింటికీ సరే సార్, సరే సార్ అంటున్నాడు. నేను పక్కనే సంచి పట్టుకుని ఉన్నాను. నాకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. గోడ మీద బండి బొమ్మ ఉంటే దాని చక్రాలు లెక్కపెట్టాను. మూడు.

బయటికొచ్చాక "ఛాయ్ తాగుతవా?" అని అడిగాడు. తాగాను.

సామాను వచ్చేసరికి చలికాలం పోయి ఎండలొచ్చాయి. బండి ఆగిన వారం తిరగకముందే బడిపిల్లల తల్లులు ఫోను చేశారు. "అన్నా, ఏమనుకోకు, ఇంకో ఆటో మాట్లాడుకున్నం." ఆయన ఏమీ అనుకోనన్నాడు. ఎవరిదో ఆటో మధ్యాహ్నం పూట అడిగి నడిపాడు. నేను కుడుతూ ఉండేదాన్ని. ఒకసారి ఒకే జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టి, వేసుకోబోయినావిడ చెప్పేదాకా గమనించలేదు. ఓనరు వచ్చి, బండే లేనప్పుడు వైరెందుకు, తియ్యమన్నాడు. తీసేశాను. నేను కొట్లాటకు దిగుతానని ఓనరు రెండు మెట్లు కిందే నిలబడి అడిగాడు, పాపం.

బండి బాగయి వచ్చింది. బడిపిల్లలు తిరిగి రాలేదు. వైరు కోసం ఓనర్ని నేను మళ్ళీ అడగలేదు. ఇప్పుడు ఆయన కార్ఖానాలో చార్జింగు దగ్గర వరుసలో నిలబడి, స్టేషన్ ముందు సవారీల కోసం కాచుకుంటాడు. ఒకరోజు అడిగాను, ఆ రోజు నువ్వని ఎందుకు చెప్పావని. "ఎవలదైతేంది? తిట్లు ఒక్కరు తింటే సాలదా?" అన్నాడు. ఇంకేమైనా అంటాడని చూశాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ దసరా వచ్చింది. నేను కిందికి దిగలేదు. ఆయనే పైకొచ్చి కుంకుమభరిణె తీసి నా చేతిలో పెట్టాడు. "రా, బొట్టు పెట్టు. నువ్వు పెట్టకుంటే ఎట్ల?" అన్నాడు. కొబ్బరికాయ అప్పటికే కొట్టి ఉంది. నీళ్ళు గ్లాసులో పట్టి మూత పెట్టాడు. నేను బండి వెనక్కి వెళ్ళాను. చార్జింగు మూత మీద గోధుమరంగు టేపు అతికించి ఉంది. నిలువుగా రెండు, అడ్డంగా రెండు, అంచులు గోటితో నొక్కి మరీ. నేను చూశానని ఆయన చూశాడు. బంతిపూల దండ సర్దుకుంటూ అటు తిరిగాడు.

ముందు అద్దానికి బొట్టు పెట్టి పైకొచ్చేశాను. ఒక్క మాట తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. ఆ టేపుతో నేనేం గొడవ పడను?