ఊడ్చిన ఇసుక

మంగమ్మ ఎండుచేపల తట్టతో బస్సెక్కితే పక్క సీటు ఖాళీ అయ్యేది. ముందు ముక్కుకు కొంగు అడ్డం పడేది, ఆనక మనిషే లేచి వెళ్ళి డ్రైవరు వెనకాల నిలబడేది. మంగమ్మ నవ్వి తట్టను ఆ సీట్లో పెట్టేది. "నానైతే కిందైనా కూకుంటాను బాబూ, ఈ మారాణికి సీటుండాల," అని కండక్టరుతో వేళాకోళమాడేది. అలా నవ్వేసినా ఆ వాసన మాట ఆమెకు ఒంట్లో విరిగిన ముల్లులాంటిది. పైకి రాదు, ఊరుకోదు.

ఒడియా గడ్డ మీద, చమఖండి దగ్గర సముద్రపు ఒడ్డున చిన్న పల్లె ఆమెది. ఇళ్ళకూ అలలకూ నడుమ, ఉత్తరం వైపు, గట్టి ఇసుక మేట ఒకటుంది. ఆడవాళ్ళు నెత్తళ్ళూ కవళ్ళూ లాంటి చిన్న చేపలు ఎండబెట్టేది అక్కడే. మొగుడు కాసులు చేపల వేటకు వెళ్ళి తిరిగి రాకపోయినప్పుడు మంగమ్మకు మిగిలింది చంకలో కొడుకు బబ్లూ, కాళ్ళ కింద ఆ ఇసుక. పొద్దున్నే చేపలు పరచడం, ఎండ తిరిగేసరికి తిప్పడం, మబ్బు కమ్మితే పరుగున పోగుచేయడం. ఎండినది పురుషోత్తంపూర్ సంతకు వెళ్ళేది. కొడుకు పెరిగింది, కోడలు సస్మిత ఇంటికొచ్చింది ఆ ఇసుక మీదే.

ఆ పల్లెలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళివారు వచ్చినా, కొత్తల్లుడు వచ్చినా ముందురోజే ఆడవాళ్ళు చేపలు ఎత్తేస్తారు. చాపలు చుట్టి ఇళ్ళ వెనక దాచి, ఇసుక ఊడ్చి పసుపునీళ్ళు చల్లుతారు. వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటే పల్లె పరువు పోయినట్టే.

ఇక ఇల్లంటారా, తాటాకు కప్పు, దాని మీద నీలం టార్పాలిన్. తుఫాను కబురు వస్తే బడి గదిలో పడక. పక్కా ఇంటికి అనుమతి అడిగితే సముద్రానికి దగ్గరని ఒక ఆఫీసు తిప్పి పంపేది. అక్కడ సరేనంటే పటం లేదని ఇంకో ఆఫీసు. బబ్లూ కేరళలో పడవ పనికి వెళ్ళిపోయాడు గాని కాగితం మాత్రం కదల్లేదు.

అలాంటిది, ఒకరోజు కులపెద్ద అప్పయ్య రొప్పుతూ వచ్చాడు. మంగమ్మను అతను అక్క వరసలో అప్పా అంటాడు.

"అప్పా, రూల్సు మారిపోనాయి! అన్ని అనుమతులూ ఒక్క సోటే ఇచ్చెస్తారట. మనకి మేడిళ్ళు, పెద్ద రోడ్డు. కొలతలకి రేపే వొస్తన్నారు."

"రేపా? ఈ కంపులోకా?" మంగమ్మ అప్పటికే కొంగు బిగించి పక్కింటి వైపు కేకేసింది. "ఒలే చిట్టమ్మా, లెగు! సీపురు తే!"

చీకటి పడేలోగా ఇసుక మీద ఒక్క పొలుసు కూడా లేదు. మర్నాడు ఆఫీసర్లు వచ్చారు, కొబ్బరినీళ్ళు తాగారు. ఎగిరే కెమెరా పల్లె మీద తుమ్మెదలా తిరిగింది. వాళ్ళలో కుర్ర ఆఫీసరు, "ఎంత శుభ్రంగా ఉంచుకున్నారు మావుసీ," అన్నాడు ఒడియాలో, పిన్నిని పిలిచినట్టు. ఆ మాటను మంగమ్మ చాలా రోజులు అందరికీ చెప్పుకుంది.

వానలకు ముందు పంచాయతీ గోడకు పటం అంటించారు. సస్మిత బిడ్డను చంకనేసుకుని చదివింది.

"అత్తా, మన పేరుంది! మనది మేడ మీద."

"మేడ మీదా! కట్టీది ఎక్కడే?"

సస్మిత వేలు పటం మీద జరుగుతూ జరుగుతూ ఆగిపోయింది. "మన ఇసక మీద."

"అక్కడ ఏటి రాసేరు?"

"ఖాళీ జాగా అని."

ఊరంతా కూడే పల్లీసభ నాడు మంగమ్మ లేచి నిలబడింది. అది ఖాళీ కాదని, తమ పొయ్యి వెలిగేది దాని మీదేనని చెప్పింది. కుర్ర ఆఫీసరు కసరలేదు. ఫోనులో ఒక ఫోటో తెరిచి చూపించాడు. ఆ రోజు ఎగిరే కెమెరా పైనుంచి తీసినది అది. తెల్లటి ఇసుక, దాని మీద చీపురు గీతలు.

"చేపలేవి మావుసీ?"

మంగమ్మ ఫోను మీదికి వంగింది. ఆ గీతల్లో సగం ఆమె గీసినవే.

"ఇప్పుడు అభ్యంతరం పెడితే వేరే జాగా వెతకాలి. ఈ విడత ఇళ్ళ జాబితాలోంచి మీ పల్లె పోతుంది. ఆలోచించుకోండి," అన్నాడతను.

"ఆపీసుల్లో అన్నీ అడిగి సూసిన రోజుల్లో ఏళ్ళు పట్టింది," అంది మంగమ్మ. "ఇప్పుడు తొరగా అయింది గాని, మమ్మల్ని అడిగినోడు లేడు. కట్టండి బాబూ, ఇల్లొద్దన్నదెవులు? మేడ మీద కూకుని ఏటి తింటాం?"

"అత్తా, కూకో," అంది సస్మిత పళ్ళ బిగువున. "పోయిన తుఫానుకి పిల్ల బడి గచ్చు మీద జొరంతో పడుకుంది. మరిసిపోనావా?"

మరిచిపోలేదు. రాత్రంతా ఆ పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేసింది తనే. అయినా మంగమ్మ కూర్చోలేదు. అభ్యంతరం కాగితం మీద మొదటి వేలిముద్ర ఆమెది. ఆ తర్వాత పడినవి కొన్నే, అయినా అవి సరిపోయాయి.

ఇసుక నిలిచింది. పల్లె పేరు తర్వాతి విడతకు పోయింది.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. చిట్టమ్మ ఇంటి కప్పు కూలింది. బావి దగ్గర మంగమ్మ కనిపిస్తే, "ఒదినా, నీ సేపలు ఎండేయి, మా పిల్లలు తడిసేరు," అనేది, చేద దించుతూనే, మొహం చూడకుండా. మంగమ్మ తన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయేది. సస్మిత బిడ్డను తీసుకుని బరంపురంలో అన్న అద్దె గదికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు మంగమ్మ కట్టిచ్చిన నెత్తళ్ళ మూట గడప మీదే ఉండిపోయింది. మంగమ్మ దాన్ని తీయకుండా చాలాసేపు చూసింది. తను చేసింది తప్పో ఒప్పో ఆమెకు చివరిదాకా తేలలేదు. అప్పయ్యను ఒకసారి అడిగింది. అతను చుట్ట వెలిగించుకుని, "నాకేటి తెల్సప్పా," అన్నాడు.

తర్వాతి విడత ఇంకా రాలేదు. మంగమ్మ మాత్రం ఓ ఉదయం చేపలు పరిచి వచ్చి, అరుగు మీద ఒరిగి, మళ్ళీ లేవలేదు.

బబ్లూ కేరళ నుంచి బయల్దేరాడు. చుట్టాలు వస్తారు, ఆఫీసు నుంచి కూడా ఎవరో వస్తారని అప్పయ్య అన్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుని, అలవాటు కొద్దీ చీపుళ్ళు తీసుకుని ఇసుక వైపు నడిచారు. చిట్టమ్మ మంగమ్మ చాప అంచు పట్టుకుని మడవబోయింది.

అప్పుడే బస్సు దిగి వచ్చిన సస్మిత, గుమ్మం దాకానైనా వెళ్ళకుండా, ఇసుక దగ్గరే నిలబడిపోయింది.

"ఉండనీ పిన్నీ. ఎవులొస్తే ఆళ్ళు సూస్తారు."

చిట్టమ్మ చాప వదిలేసింది. ఎండ తిరుగుతోంది. వంగి, మంగమ్మ పరిచిన నెత్తళ్ళను రెండో వైపుకు తిప్పడం మొదలుపెట్టింది.