ఎనిమిదివందల గంటల పొర

మా ప్రయోగశాలలో చెంగల్రాయుడిది అటెండరు ఉద్యోగమే గానీ, పొర ఊడదీయాలంటే ప్రొఫెసరుకైనా ఆయనే దిక్కు. పాలిమర్ ద్రావణాన్ని గాజుపలక మీద పోసి ఆరబెడితే కాగితమంత పలచని పొర వస్తుంది. నేను తీస్తే చిరిగేది. ఆయన వేళ్ళు తడిచేసుకుని, దామలచెరువులో వాళ్ళమ్మ చాప మీంచి మామిడి తాండ్ర తీసినంత నిదానంగా తీసేవాడు.

2003లో నా పరిశోధనంతా ఆ పొర మీదే. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే క్షార ఇంధన ఘటంలో అది నడుమ ఉంటుంది. అయాన్లను దాటనివ్వాలి, తాను పాడవకూడదు. అరవై డిగ్రీల కాస్టిక్ పొటాష్ నీళ్ళ తొట్టిలో వెయ్యి గంటలు నిలిస్తేనే నా థీసిస్. ఫెలోషిప్పు డిసెంబరుతో ఆఖరు.

ఎనిమిదివందల గంటలు దాటాక మహర్నవమి వచ్చింది. శ్రీకాళహస్తిలో మా ఇంటికి వెళ్ళి మర్నాడు తిరిగొచ్చేసరికి తొట్టికి పసుపు, కుంకుమ, చామంతి దండ. లోపల నీళ్ళు చల్లబడి ఉన్నాయి. ఆ చల్లదనానికి బిగుసుకుని పొర నిలువునా చీలింది.

"ఆయుధపూజ దినం ఏ మిషనూ పని చెయ్యగూడదు గదా ధరణమ్మా, అందుకే ఆపినాను. నీ పని బాగుండాలనే మొక్కినాను" అన్నాడు.

మా నాయన వయసు మనిషి. అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తర్వాత ఎవరు పొర తీయమన్నా "నా చెయ్యి మంచిది కాదులేమ్మా" అని పక్కకు వెళ్ళిపోయేవాడు.

అసలు సంగతి నా ప్రయోగాల పుస్తకంలో, నా చేతిరాతతోనే ఉంది. ఆరువందల గంటలప్పుడే అయాన్లను దాటనిచ్చే పొర వాహకత సగానికి పడిపోయింది. ఆయన తొట్టి ఆపకపోయినా అది నిలిచేది కాదు. కొలతలో తప్పేమోలే అని నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను. ఆయన చేసిన పని నాకు కలిసొచ్చింది. పూజ వల్లే పొర పాడైందని ప్రొఫెసరు జాలిపడి ఫెలోషిప్పు ఇంకో ఏడాది ఇప్పించారు. పాలిమర్ పాళ్ళు మార్చి మళ్ళీ పోసి, పొరలు నేనే నాలుగు చింపుకుని ఒకటి తీసుకున్నాను. అది నిలిచింది, డాక్టరేటూ వచ్చింది. చెంగల్రాయుడికి నిజం చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. రేపు చెప్దాంలే అనుకున్నాను.

2006 చివర్లో ఆయన గుండెపోటుతో పోయాడు. దినాలకు వెళ్తే ఆయన భార్య శకుంతలమ్మ నా చేతులు పట్టుకుంది.

"నీ సదువు సెడగొట్టినానని మూడేండ్లుగా నవమి దినం పచ్చి నీళ్ళు గూడా తాగలేదమ్మా ఆయన. నువ్వు మనసులో పెట్టుకోవాకు" అంది.

అక్కడైనా చెప్పాల్సింది. తల ఊపి, ఆకు ముందు కూర్చుని, వాళ్ళు వడ్డించిన అన్నం తిని వచ్చాను.