దులుపుడు సారు బ్రష్షు

మా ల్యాబులో దులుపుడు సారు చేతిలో బ్రష్షు లేదంటే ఆయనకి ఒంట్లో బాగాలేదని అర్థం. గుమ్మం దగ్గర కాపు కాసి, లోపలికొచ్చే ప్రతి మనిషినీ నెత్తి నుంచి పాదాల దాకా దులిపేవారు. దులిపి, నోట్‌బుక్కులో రాసుకునేవారు.

"ఊడ్చేదాన్నే నేను. నన్ను మీరు ఊడుస్తారేంటి సార్?" అనేదాన్ని.

"చేతులు చాపమ్మా, లోపల గ్రాఫీన్ ఉంది!"

ఎవరో పురిటి బిడ్డ కాబోలనుకున్నాను. తీరా చూస్తే కార్బన్ రేకు. ఒకే ఒక్క పరమాణువు మందం! "దీంట్లో కరెంటు గుర్రంలా పరిగెడుతుందమ్మా. పైన ఏ కాస్త మలినం కూర్చున్నా ఎలక్ట్రాన్లు బెదిరి చెల్లాచెదురైపోతాయి" అని చెప్తుంటే ఆయన కళ్ళు మెరిసిపోయేవి.

ఇంట్లోనూ అంతేనట. "మా పెళ్ళి ఫోటోలో నా మొహం లేదు, బ్రష్షే ఉంది" అని వాళ్ళావిడ ఒకటే నవ్వు.

ఓరోజు రేకులో కరెంటు సగానికి పడిపోయింది. ల్యాబు మొత్తానికీ అధికారి పెద్ద సారు. ఆయన ఊగిపోయారు. "చీపురు దుమ్మే! ఈవిడ రేపట్నుంచి రానక్కర్లేదు."

మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ చీపురుతోనే.

దులుపుడు సారు నోట్‌బుక్కు తెరిచారు. "పదకొండు నెలలు. ఈమె పేరుకి ఎదురుగా రోజూ ఒకటే మాట, 'శుభ్రం'. అయినా చీపురు దుమ్మయితే మైక్రోస్కోపులో కొండంత కనపడాలి. కనపడిందా?"

"లేదనుకోండి..." అని నసిగారు పెద్ద సారు.

"మరి? రేకుని ప్లాస్టిక్ పొరతో ఎత్తి అతికించింది మనమే. దాని మరకలుంటాయి, గాల్లో తేమ పట్టి ఉంటుంది. గాలి లాగేసి వేడి చేద్దాం పదండి!"

పెట్టెలో పెట్టి గాలి లాగేశారు, కాచారు, చల్లార్చారు. మళ్ళీ కరెంటు పంపారు. తెర మీద గీత లేచింది. ఇంకా లేచింది!

"పరిగెడుతోంది! పరిగెడుతోంది!" సారు నా చీపురు లాక్కుని గంతులే గంతులు.

అంతా సద్దుమణిగాక అడిగాను. "రోజూ శుభ్రమే అయితే నన్నెందుకు దులిపినట్టు సార్?"

"ఏ తేడా వచ్చినా ముందు నీ మీదే పడతారమ్మా. సాక్ష్యం ఉండొద్దూ?"

మర్నాడు అడక్కుండానే చేతులు చాపాను. నన్ను ఒక్కసారి దులిపి వదిలేశారు. నా వెనకే వచ్చిన పెద్ద సారుని మాత్రం ముందూ వెనకా మూడుసార్లు దులిపి, నోట్‌బుక్కులో చాలాసేపు ఏదో రాశారు.