గమనికల గడి

ఆఫీసులో అందరూ ఆమెను తూకాలావిడ అనేవారు. తూచేది గాలిని కాదు, గాలిలోని మసిని అని పంతొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉంది. ఇంట్లో మొగుడు మాత్రం "ఇవాళ గాలి కిలో ఎంత?" అని రోజూ అడిగేవాడు. పంతొమ్మిదేళ్లపాటు ఒకే జోకు వెయ్యడానికి ఎంత ఓపిక కావాలో మీరే ఆలోచించండి.

పని చెప్పుకోవడానికి చిన్నదే. పొద్దున్నే అరవై నాలుగు మెట్లెక్కి, డాబా మీద గాలి పీల్చే పంపులోంచి నిన్నటి వడపోత కాగితం తీసి కొత్తది పెట్టాలి. తీసినదాన్ని ఒక రోజంతా తడి తగలని పెట్టెలో ఉంచి, గాజు తలుపుల త్రాసులో తూచాలి. తూచేటప్పుడు గదిలో ఫ్యాను తిరిగితే అంకె నిలవదు. ఆ మాట తలుపు మీద పెద్దక్షరాలతో రాసి పెట్టింది. వచ్చిన ప్రతివాడూ అది చదివి, "అబ్బ, ఉక్కగా ఉందే" అంటూ స్విచ్చి వేసేవాడు.

ఇన్నేళ్లలో ఒక్క రోజూ తప్పలేదు. ఆమెకు జ్వరమొచ్చినప్పుడు మొగుడే మెట్లెక్కి కాగితం మార్చి వచ్చాడు, దారి పొడవునా సణుగుతూ.

రిజిస్టరులో మొదటినుంచీ వరసగా నడిచే రోజు సంఖ్య, బరువు, వాటి పక్కన గమనికల గడి ఒకటి ఉన్నాయి. ఆ గడిని ఆమె ఏనాడూ ఖాళీగా వదల్లేదు. వెనక వీధిలో ఆకులు తగలబెట్టారు అనో, తెల్లవారుజామున వాన అనో, పక్క మేడ గోడలు గీకుతున్నారు అనో రాసేది. మసి ఎక్కడిదో తెలియనప్పుడు దాని బరువు ఎవరికి కావాలని ఆమె వాదన. కానీ కంప్యూటరులోకి అంకెలు ఎక్కించే ఫారంలో ఆ గడే లేదు. పెట్టించండి మహాప్రభో అని నాలుగు ఉత్తరాలు రాసింది. నాలుగింటికీ "పరిశీలనలో ఉంది" అనే జవాబొచ్చింది. ఒక్క గడి కోసం అంతగా పరిశీలించాల్సింది ఏముందో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆ ఏడు ఒక కమిటీ వస్తోందన్నారు. ఈ ప్రాంతంలో గాలి పాడవుతోంది, వేడి పెరుగుతోంది, వానలు గతి తప్పాయి. వీటిలో ముందు దేని మీద పరిశోధన చెయ్యాలో వరసపెట్టి రాసే కమిటీ అది. ఆ వరసలో చోటు దొరికితే ఆమె పంపు నడుస్తుంది. లేకపోతే పంతొమ్మిదేళ్ల కొలతలు అక్కడితో ఆగిపోతాయి.

కమిటీ పెద్దలు మెట్లెక్కలేరేమోనని డైరెక్టరుకు బెంగ పట్టుకుంది. పదకొండు రోజుల ముందే పంపును డాబా మీంచి దింపించి, వరండాలో పూలకుండీల మధ్య పెట్టించాడు. పక్కనే జనరేటరు.

"సార్, అది ఆ పొగే పీలుస్తుందండి," అంది తూకాలావిడ.

"చూడ్డానికి బావుందా లేదా?"

"బావుంది సార్, కానీ..."

"ఇంకేం మరి. వెళ్లి పని చూసుకో."

మొదటి రోజే కాగితం నల్లగా మాడిన అట్టులా వచ్చింది. "జనరేటరు పక్కన తీసినది, చెల్లదు" అని గమనికల గడిలో రాసింది. అలా పదకొండు సార్లు రాసింది. కంప్యూటరులోకి బరువులు మాత్రం ఎక్కాయి.

సమావేశం రోజు ఆమెను రిజిస్టరు పట్టుకుని గోడ పక్కన నిలబడమన్నారు. తెర మీద గీత పంతొమ్మిదేళ్లు బుద్ధిగా నడిచి, చివర్లో ఒక్కసారిగా పైకి లేచింది. హాలంతా కుర్చీల్లో ముందుకు వంగింది. పొలాల్లో మంటలా, కొత్త ఫ్యాక్టరీలా, గాలి దిశ మారిందా అని గంటసేపు వాదించుకున్నారు. ఒకాయన ఆ పెరుగుదలకు ఒక పేరు కూడా పెట్టేశాడు.

"ఈ గీతే మనల్ని గట్టెక్కించింది. నువ్వు నోరు మెదపకు," అని డైరెక్టరు ఆమె చెవిలో చెప్పాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పంపు నిలబడాలన్న ఆశ ఆ హాల్లో ఆమెకున్నంత ఎవరికీ లేదు. కానీ జనరేటరు పొగ మీద నిలబడితే, రేపటినుంచి తను తూచేదానికి అర్థమేమిటి?

"అది జనరేటరండి," అంది గట్టిగా.

కమిటీ పెద్దావిడ కళ్లద్దాలు తీసి, రిజిస్టరు తెప్పించుకుని పదకొండు గళ్లూ చదివింది. "ఇవి కంప్యూటరులో లేవేం?" అని అడిగింది. డైరెక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు.

"మంచిపని చేశావమ్మా," అంది పెద్దావిడ.

తూకాలావిడ పొంగిపోయింది. ఇంటికెళ్లి చెబితే మొగుడు ఆ రోజుకి జోకు మానేసి, ఆ ముక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మర్నాడే పంపును మళ్లీ డాబా ఎక్కించారు. రెండు నెలలకు కమిటీ నివేదిక వచ్చింది. పద్నాలుగు అంశాల వరసలో మొదటిది ఇది: "ఈ ప్రాంతపు గాలి గురించి నమ్మదగిన దీర్ఘకాలపు వివరాలు ఏవీ లేవు. రోజువారీ కొలతలు వెంటనే మొదలుపెట్టాలి."

ఆమె మూడుసార్లు చదివింది. పదకొండు రోజులు చెల్లవని తను చెబితే, వాళ్లు పంతొమ్మిదేళ్లూ చెల్లవన్నారు.

డైరెక్టరు మాత్రం సంబరపడుతూ వచ్చాడు. "ఆ పని మనకే ఇచ్చారమ్మా. అదే డాబా, అదే పంపు, నువ్వే. ఒకటో తారీకున కొత్త రిజిస్టరు తెరువు. అది మొదటి రోజు."

"మరి పాతవి సార్?"

"గమనికలు లేని కొలతల్ని నమ్మలేమన్నారు."

"ఉన్నాయి కదా సార్, బీరువా నిండా."

"కంప్యూటరులో లేవుగా."

తల ఎక్కడ పెట్టి కొట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. "పోనీ, కొత్త ఫారంలోనైనా ఆ గడి పెట్టారా?"

"పరిశీలనలో ఉంది."

ఒకటో తారీకున మెట్లెక్కి కాగితం మార్చి, కిందికొచ్చింది. తూకం గదిలో ఎవరో ఫ్యాను వేసి పోయారు. ఆపింది. కొత్త రిజిస్టరులో రోజు సంఖ్య దగ్గర ముందే ఎవరో పెన్సిలుతో 1 వేసి ఉంచారు. దాన్ని రబ్బరుతో శుభ్రంగా చెరిపింది. బీరువాలోంచి ఆఖరి పాత రిజిస్టరు తీసి, చివరి సంఖ్యకు ఒకటి కలిపి, చెల్లని పదకొండూ తీసేసి, పెన్నుతో 6,958 అని రాసింది.