పొగరున్న అత్తగారి టీ సెట్టు

మా తమ్ముడి పెళ్లిచూపులకని కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్లాం. అమ్మాయి వాళ్లది జూబ్లీహిల్స్‌లో పెద్ద ఇల్లు. వట్టి పళ్లు పట్టుకెళ్తే చిన్నతనమనిపించింది. ఫిల్మ్‌నగర్‌లో ఒక కొట్టు అద్దాల వెనక పింగాణీ మెరుస్తుంటే లోపలికి వెళ్లాను. అది షూటింగులకు సామాను అద్దెకిచ్చే కొట్టని నాకు తెలియదు.

"టీ సెట్టు కావాలండీ," అన్నాను.

కొట్టు యజమానురాలు కళ్లజోడు సర్దుకుంది. "సీన్ ఏందమ్మా?"

"పెళ్లిచూపులండీ."

"ఒప్పుకుంటరా, లొల్లి అయితదా?"

"ఒప్పుకోవాలనే మా ఆశ."

"డైరెక్టర్ ఏం చెప్పలేదా?"

"అన్నీ మా నాన్నగారే చూసుకుంటారు."

"ఓహో, మీ నాయినే డైరెక్టరా!" అంటూ ఆవిడ మర్యాదగా కుర్చీ వేసి, మూడు సెట్లు ముందు పెట్టింది. "గీ బంగారు అంచుది పొగరున్న అత్తకు. గీ తెల్లది పైసలున్న మంచోళ్లకు. గీ పిడి విరిగింది హీరో అమ్మకు."

మూడోది అచ్చం మా ఇంట్లోదే. "తెల్లది ఎంతండీ?" అన్నాను నీరసంగా.

"అమ్మం, కిరాయికే. షూటింగ్ ఎన్నడు?"

విషయం చెప్పేసరికి కౌంటరు పట్టుకుని నవ్వింది. "అసలు పెళ్లా! పండ్లే తీస్కపో తల్లీ. వాళ్లు మీకు చాయ్ దేంట్ల ఇస్తరో జర చూస్కో."

సాయంత్రం వాళ్ల పాలరాతి హాల్లో వంటింటి వైపే చూస్తూ కూర్చున్నాను. కాఫీ వచ్చింది, కాగితపు కప్పుల్లో. వాటికేం అర్థమో కొట్టావిడ చెప్పలేదు గనక భయపడుతూనే తాగాను. సగం తాగేలోపే నాన్నగారూ, అమ్మాయి తండ్రీ ముహూర్తాల మాట ఎత్తారు.